తవుడు పెంచిన నక్క

చెరకు నరికి ఆకు తగలెట్టిన రోజు
తల్లి నక్క ఎటు పరిగెత్తిందో ఎవరూ చూడలేదు.
గట్టు బొరియలో మూడు పిల్లలు.
రెండు అప్పటికే పొగకి పోయాయి.
మూడోదాన్ని తవుడు తలగుడ్డలో చుట్టుకొచ్చాడు.

తవుడికా పేరు ఊరికే రాలేదు.
ముందు పుట్టిన నలుగురూ పోతే
వాళ్లమ్మ ఇతన్ని పెంటకుప్ప మీద దొర్లించి
కుంచెడు తవుడుకి పొరుగామెకి అమ్మి
మళ్లీ కొనుక్కుంది,
చవగ్గా ఉంటే చావు కన్నెయ్యదని.

అందుకే నక్కపిల్లకీ మంచి పేరు పెట్టలేదు.
ఊక, అన్నాడు.

మేకపాలలో లాంతరు ఒత్తి ముంచి ఒక్కో చుక్క.
రాత్రిళ్లు తడిబట్టతో పొట్ట కింద రుద్దేవాడు,
తల్లి నాకినట్టు ఉండాలట, లేకపోతే ఒంటికి పొయ్యదట.
ఎవరు చెప్పారో అతనికి.
"నక్కకి పురుడోసిన మగోడ్ని నిన్నే సూసేను"
అనేది పెళ్లాం బంగారి,
ఇంకో గిన్నెలో పాలు కాస్తూనే.

తాడంటే ఎరగదది.
కోళ్లగంప పక్కనే పడుకునేది.
కోళ్లకే నిద్ర పట్టేది కాదు.

ఆరు నెలలకి ఊరికి గుర్తొచ్చింది
నక్కకి తోకుంటుందని.
చీటీ పాటకి పోయేవాడు,
దుబాయి వెల్డింగు పనికి కాగితాలు పంపినవాడు,
సర్పంచికి నామినేషన్ వేసే ఇద్దరూ ఒకే రోజు,
పొద్దున్న ఒకడు, మాపు ఒకడు:
"ఓపాలి తవుడూ, ఓపాలే, మెల్లగా తొక్కుతాను."
తవుడు కర్ర తీసేవాడు.
"మీ అదురుష్టానికి దాని నడుం ఇరగాలేటి?"

భుజాన సంచీతో ఒకడొచ్చాడు, ఏ ఊరివాడో.
నక్క నెత్తిన కొమ్ముంటుందన్నాడు,
కుంకం భరిణలో పెడితే ఇల్లు నిలబడుతుందన్నాడు,
మూడు వేలిస్తానన్నాడు.
తవుడు ఊక తలని ఒళ్లో పెట్టుకుని
బొచ్చు పాయలు తీసి మరీ చూపించాడు.
"ఏదీ? పేలున్నాయి, ఒట్టుకెళ్లు."

నేను ఒక్కసారే.
పదో తరగతి లెక్కల పరీక్ష ముందు రోజు,
తవుడు ఎడ్లు కడగడానికి వేగావతికి పోయినప్పుడు.
ఎండలో పడుకుని ఉంది.
నన్ను చూసి ఆ తోకే ఊపింది.
తొక్కాను.
కుయ్యిమంది. కరవలేదు.
తోక లాక్కుని, తప్పు తనదేమో అన్నట్టు
నా పాదం వాసన చూసింది.

లెక్కల్లో ముప్ఫయ్యారు.

చలి రాత్రుల్లో ఏటి అవతల నక్కలు కూస్తే
లేచి కూర్చుని గొంతెత్తేది.
సగం ఊళ, సగం మా వీధి కుక్కల మొరుగు.
అవతల అన్నీ ఒక్కసారి ఊరుకునేవి.
"మన యాస పట్టీసింది" అని నవ్వేవాడు తవుడు.
ఆ నవ్వు చివరిదాకా వచ్చేది కాదు.

ఎవరు పిలిచినా వెళ్లేది.
ఒక మంగళవారం పిలిచిందెవరో ఎవరూ వినలేదు.
గట్టు మీద అరిటాకు, అందులో మాంసం తునకలు,
సగం తిన్నవి.

రామభద్రపురం సంత, బొబ్బిలి సంత, రాజాం సంత.
తాయెత్తులు పరిచిన ప్రతి గుడ్డ ముందూ గొంతుక్కూర్చుని
భరిణ తర్వాత భరిణ తెరిపించాడు.
కుంకంలో కూరుకున్న ఎముక ముక్కలు, అంటుకున్న బొచ్చు.
ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.
గుర్తు పట్టాడో లేదో
ఎవరికీ చెప్పలేదు.
బస్సు దిగి నడుస్తూ నాతో మాత్రం అన్నాడు:
"పాలతోపాటే బయ్యం కూడా పట్టాల్సింది.
ఆ వొక్కటీ మరిసిపోనాను."

నాకు ఉద్యోగం వచ్చిన రోజు
వీధిలో ఎవరో నవ్వుతూ అన్నారు,
నక్క తోక తొక్కావురా అని.
చెప్పులు వేసుకునే ఉన్నాను.
అయినా అరికాలి కింద
మెత్తగా ఏదో
వెనక్కి లాక్కుంది.